ఫస్టియర్ పీజీని ఐసోలేషన్ వార్డులోకి పంపాలా, ఆపాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరు దగ్గర ఒక మెడికల్ కాలేజీలో మీరు అసిస్టెంట్ ప్రొఫెసర్. మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే పీజీలకు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక స్పెషలిస్టు కోర్సు చదివే డాక్టర్లకు, డ్యూటీలు ఎలా వేయాలో, వాళ్ల చదువు ఎలా సాగాలో ఒక ప్రణాళిక రాసి ఇమ్మని మీ హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారు మీకు అప్పజెప్పారు. లోపలికి పంపితే పిల్లలకు ప్రమాదం, బయట కూర్చోబెడితే మూడేళ్ల చదువులో ఏడాది గల్లంతు. ఏం చేయాలి అని అడిగారు. చివర్లో, 2020లో మీరే ఫస్టియర్ అనీ, "మాతో పని చేయించుకున్నారు గానీ నేర్పలేదు" అనీ రాశారు. ఆ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ రోజుల్లో విజయవాడలో పీజీలకు రోస్టర్ (డ్యూటీ పట్టిక) రాసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. మత్తు విభాగంలో ముప్ఫై ఏళ్లు చేసి ఇప్పుడు రిటైరయ్యాను.

సూటిగా చెప్పాలంటే: పంపండి. కానీ తోడు లేకుండా పంపకండి. ప్రతి షిఫ్టుకూ, పీపీఈ (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు) వేసుకుని లోపల ఉండే సీనియర్ పేరు రోస్టర్‌లో రాసి ఉండాలి. "ఆన్ కాల్" అని కాదు, "ఫోన్‌లో అందుబాటులో" అని కాదు, లోపల. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ షిఫ్టులో ఫస్టియర్ పేరు రాయకండి. మీ ప్రణాళికలో ఇదొక్కటి నిలబడితే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. ఇది లేకపోతే ఎన్ని పేజీలు రాసినా మీరు అన్న మాటే రేపు మీ పీజీలూ అంటారు.

ఇది నాకు ముందే తెలిసిన సంగతి కాదు, తప్పు చేసి తెలుసుకున్నాను. 2020 ఏప్రిల్‌లో నాకు యాభై ఏడేళ్లు, షుగరు. వయసు పైబడినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు లోపలికి వెళ్లకూడదని మేమే నియమం పెట్టుకున్నాం. నియమంలో తప్పు లేదు. కాకపోతే ఆ నియమం వల్ల ఫ్యాకల్టీలో సగం మందిమి గాజు తలుపు ఇవతలే ఉండిపోయాం. అలాంటి ఒక రాత్రి ఒక థర్డియర్ అమ్మాయి లోపల ఉంది. నేను బయట ఫోన్‌లో ఉన్నాను. సాచ్యురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంతుందమ్మా అంటే అరవై మేడమ్ అంది. గొంతులోకి శ్వాస గొట్టం వెయ్యి అన్నాను. "గాగుల్స్ మసకబారాయి మేడమ్, ఏమీ కనబడట్లేదు" అంది. ఆ మాటకు ఫోన్‌లో నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది. రెండోసారికి గొట్టం పడింది. ఆ పేషెంట్ నాలుగో రోజున పోయాడు, గొట్టం వల్ల కాదు. అయినా ఆ అమ్మాయి నెల రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. తప్పు తనది కాదని చెప్పడానికి నాకూ అంత కాలమే పట్టింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. లోపలి సీనియర్ అంటే నాలాంటివాళ్లు కానక్కర్లేదు. ముప్ఫై, నలభైల మధ్య ఉన్న సీనియర్ రెసిడెంట్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, అంటే ఇప్పుడు మీ వయసువాళ్లు, వంతులవారీగా లోపల ఉండాలి. నాలాంటివాళ్లు గాజు ఇవతల నుంచి ట్యాబ్‌లో వీడియో చూస్తూ మాట్లాడాలి. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందికి టీకాలు మొదలయ్యాయి. రెండు డోసులూ అయ్యాక నేనూ లోపలికి వెళ్లాను. నేను లోపల కనబడిన మొదటి రోజు ఒక ఫస్టియర్ కుర్రాడు నా గౌను మీద మార్కర్‌తో రాసిన పేరు చదివి, "మేడమ్, మీరా!" అన్నాడు. ఆ షిఫ్టులో అతను అడిగినన్ని ప్రశ్నలు అంతకు ముందు మూడు నెలల్లో అడిగి ఉండడు.

ఇక లోపలికి పంపే ముందు సంగతి. పీపీఈ వేసుకోవడం, విప్పడం అందరూ ఒక వీడియో చూపించి సరిపెట్టేస్తారు. సరిపోదు. ఎన్-95 మాస్కు గుణం దాని బట్టలో సగమే ఉంది, మిగతా సగం ముఖానికి అది అతుక్కోవడంలో ఉంది. చిన్న ముఖం ఉన్న అమ్మాయిలకు మామూలు సైజు బుగ్గల దగ్గర గాలి వదిలేస్తుంది. గడ్డం ఉంటే అబ్బాయిలకు ఏ సైజూ అతకదు. ఫిట్ టెస్ట్ చేయడం కష్టమేమీ కాదు. తలమీద హుడ్ వేసి లోపలికి శాకరిన్ ద్రావకం పిచికారీ చేస్తారు. మాస్కు పెట్టుకున్నాక నోటికి తీపి తగిలితే ఆ మాస్కు ఆ మనిషికి పనికిరాదు. మా దగ్గర మొదటి పరీక్షలో చాలామందికి తీపి తగిలింది. అప్పటికే వాళ్లు రెండు వారాలుగా అవే మాస్కులతో డ్యూటీ చేస్తున్నారు. ఇలాంటివి మంచి రోజుల్లో చేసి పెట్టుకోవాలి. ఎవరికి ఏ కంపెనీది, ఏ సైజు సరిపోతుందో పేరుపేరునా పట్టిక రాసి స్టోర్స్ వాళ్లకు ఇవ్వండి.

వేసుకునేటప్పుడు కంటే విప్పేటప్పుడే ప్రమాదం ఎక్కువ. వేసుకునేటప్పుడు భయం ఉంటుంది కాబట్టి జాగ్రత్తా ఉంటుంది. విప్పేటప్పుడు ఒళ్లంతా చెమట, దాహం, ఎప్పుడు బయటపడదామా అన్న ఆత్రం. మా దగ్గర ఒక కుర్రాడు గాగుల్స్‌ను ముందువైపు పట్టుకుని లాగేశాడు. అవి జారి ముక్కు మీద పడితే అదే గ్లవ్‌తో సర్దుకున్నాడు. అందుకని విప్పే గదిలో నిలువుటద్దం పెట్టాం. ఒక మనిషి ఎదురుగా నిలబడి ఒక్కో మెట్టూ పైకి చదవాలి, చదివాకే చెయ్యి కదలాలి. మెట్టు మెట్టుకీ చేతులకు శానిటైజర్. మాస్కు అన్నిటికంటే చివర, అదీ గది బయటికి వచ్చాక. చదివే పని హౌస్ సర్జన్‌కి ఇచ్చాం. ప్రొఫెసర్ అయినా సరే, తప్పు చేస్తే "ఆగండి సార్" అనే అధికారం ఆ పిల్లలకు ఉండేది. ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకున్నారు. నొచ్చుకుంటే నొచ్చుకున్నారు.

మన ఎండల సంగతి ప్రణాళికల్లో ఎవరూ రాయరు. రోహిణి కార్తెలో విజయవాడలో మామూలు బట్టల్లోనే ప్రాణం పోతుంది. గాలి లోపలే తిరుగుతుందని స్ప్లిట్ ఏసీలు ఆపించిన వార్డులో, ప్లాస్టిక్ కవరాల్‌లో ఆరు గంటలంటే కళ్లు తిరుగుతాయి. మాకు ఇద్దరు లోపలే పడిపోయారు. అప్పటి నుంచి ఎనిమిది గంటల షిఫ్టును రెండుగా విడగొట్టాం. నాలుగు గంటలు లోపల, నాలుగు గంటలు బయట. బయట ఉన్నవాళ్లు కేస్ షీట్లు రాయాలి, ల్యాబ్ రిపోర్టులు చూడాలి, ఇళ్లకు ఫోన్లు చేయాలి. లోపలికి వెళ్లేముందు మజ్జిగో, ఓఆర్ఎస్సో తాగి తీరాలి. నెలసరిలో ఉన్న అమ్మాయిలకు ఆ రోజుల్లో బయట పని, కారణం అడగకుండా. దీనికి మనుషులు రెట్టింపు కావాలి, నిజమే. మీ దగ్గర అంతమంది లేరంటే ఎన్ని పడకలు తీసుకోగలరో ఆ లెక్కన ముందే పైవాళ్లకు కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే ఎవరికీ గుర్తుండదు.

వైరస్ పీజీలకు ఎక్కడ అంటుకుంది అనేది ఇంకో సంగతి. ఐసీయూలో అని అందరూ అనుకుంటారు. మాకు అంటుకున్నది డ్యూటీ రూమ్‌లో. 2020 జూలైలో ఒక పీజీ పుట్టినరోజు. కిటికీలు మూసి, ఏసీ వేసి, ఏడుగురు కేక్ తిన్నారు. వారంలో నలుగురు పాజిటివ్. వాళ్లను చూసుకోవడానికి ఇంకో ఇద్దరు, విభాగం సగానికి పడిపోయింది. అప్పట్లో మేము ఫైళ్లకు స్పిరిట్ పూసేవాళ్లం, చెప్పులకు హైపోక్లోరైట్ కొట్టేవాళ్లం. అదంతా చేసి, లోపలికొచ్చి తలుపేసుకుని నలుగురూ ఒకే డబ్బాలో ఉలవచారు అన్నం కలుపుకొని తినేవాళ్లు! పిల్లల్ని ఏం అంటాం, మనకు కలిసి తినడమే ఆప్యాయత. గాలి ద్వారా ఎంత వ్యాపిస్తుందో అప్పటికి మాకూ సరిగ్గా బుర్రకెక్కలేదు. తర్వాత భోజనాలు మేడ మీదికి మార్చాం, షామియానా కింద దూరం దూరంగా. డ్యూటీ రూమ్ కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం. ఎత్తు కప్పులు, ఎదురెదురు కిటికీలు ఉన్న పాత వార్డులు మీ దగ్గర ఉంటే వాటిని చిన్నచూపు చూడకండి. తలుపులు మూసిన కొత్త ఏసీ గది కంటే అవే మేలు. గొట్టం వేసే గదుల్లో గంటకు 12 సార్లు గాలి మొత్తం మారాలంటారు. మీ ఐసీయూలో ఎన్నిసార్లు మారుతుందో ఇంజినీరింగ్ విభాగాన్ని ఇప్పుడే అడిగి చూడండి.

తిండి గురించి ఒక ముక్క. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12కే కర్ఫ్యూ. రెండింటికి డ్యూటీ దిగిన పీజీకి బయట ముద్ద దొరికేది కాదు. ఆసుపత్రి వంటగదిలో వీళ్లకు వండి పెట్టాలని ముందే రాసి ఉంచండి. ఇది చదువుకు సంబంధం లేని విషయం అనుకుంటారేమో, ఆకలితో దిగినవాడికి మీరు ఏ క్లాసు చెప్పినా తలకెక్కదు.

ఇప్పుడు అసలు శిక్షణ. నా విభాగానిదే చెప్తాను, మీ విభాగానికి మీరు మార్చుకోండి.

గొట్టం వేయడం అంటే తుంపరలు ఎక్కువగా లేచే పని. అనుభవం ఉన్నవాళ్లే వేయాలి, గదిలో మనుషులు తక్కువ ఉండాలి అనేది నియమం. నియమాన్ని అక్షరాలా పాటిస్తే పీజీ ఎప్పటికీ నేర్చుకోడు. పక్కన పెడితే పీజీకీ పేషెంట్‌కీ ఇద్దరికీ ప్రమాదం. మేము దాన్ని మెట్లుగా విడగొట్టాం. మొదట బొమ్మ మీద, అదీ పూర్తి పీపీఈలో, గాగుల్స్ మసకబారిన స్థితిలో. ఖాళీ చేతులతో బొమ్మకు గొట్టం వేయడం వేరు, రెండు జతల గ్లవ్స్‌తో వేయడం వేరు. తర్వాత లోపల మందులు అందించే మనిషిగా. ముందు మూడు నుంచి ఐదు నిమిషాలు ఆక్సిజన్ పట్టడం, చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగ్ వీలైనంత వాడకపోవడం, మందులు వెంటవెంటనే ఇవ్వడం, గొట్టం చుట్టూ ఉండే బుడగ (కఫ్) నింపాకే వెంటిలేటర్‌కి కలపడం, మధ్యలో ఫిల్టర్ మర్చిపోకపోవడం. ఈ వరసంతా పీజీ పైకి చెబుతుండాలి, సీనియర్ చేస్తుండాలి. ఆ తర్వాత, సులువుగా పడుతుందనిపించిన కేసులో వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపలిని తెర మీద చూపించే పరికరం) పీజీ చేతికి, సీనియర్ పక్కనే. ఒక్క ప్రయత్నం. పడకపోతే మాటామంతీ లేకుండా చేతులు మారాలి. ఈ ఒప్పందం లోపలికి వెళ్లక ముందే బయట చేసుకోవాలి. లోపల మాస్కుల్లో సగం మాటలు వినబడవు. గదిలో ముగ్గురు, తలుపు బయట పీపీఈతో సిద్ధంగా ఒకరు. అంతకు మించి ఎవరూ వద్దు.

బొమ్మలు లేవంటారేమో. ట్రకియాస్టమీ (మెడ ముందు కోసి శ్వాసనాళంలోకి గొట్టం పెట్టడం) నేర్పడానికి మేము మాంసం కొట్టు నుంచి మేక గొంతులు తెప్పించాం. కొట్టు అతను "ఎందుకండీ ఇన్ని, సూప్‌కా?" అని అడిగాడట. ఈఎన్‌టీ పీజీలు మా దగ్గరికొచ్చి మరీ చేసి వెళ్లేవాళ్లు.

వార్డులో బెడ్‌సైడ్ క్లాసు అప్పట్లో చచ్చిపోయిందనే చెప్పాలి. కవరాల్ మీద నుంచి స్టెతస్కోప్ పెట్టలేరు. దాని బదులు ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ నేర్పాం, ప్రోబ్‌కి కవర్ తొడిగి. అది ఒక విధంగా లాభమే అయింది. షిఫ్టు దిగి స్నానం చేశాక ఇరవై నిమిషాలు, ఒకే కేసు, మూడు ప్రశ్నలు. ఇరవై నిమిషాలు దాటితే నేనే లేచి వెళ్లిపోయేదాన్ని. జూమ్ క్లాసుల సంగతి అడగకండి. ఒకరోజు తెరమీద పంతొమ్మిది పేర్లు, గంటసేపు చెప్పాను, ప్రశ్న అడిగితే ఒక్కరే పలికారు. మిగతావాళ్లు నైట్ డ్యూటీ దిగి ఫోన్ దిండు పక్కన పెట్టుకుని నిద్రపోయారట. మొదట కోపం వచ్చింది. తర్వాత నైట్ దిగినవాళ్లకు క్లాసు లేదని రాసి అతికించాం, హాజరు మాత్రం వేశాం.

ఇంకోటి: ఆ రోజుల్లో వైద్యమే వారానికోసారి మారేది. 2020 మార్చిలో ఆరోగ్య సిబ్బంది ముందుజాగ్రత్తగా మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోవచ్చని దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చెప్పింది, అందరం మింగాం. కోలుకున్నవాళ్ల రక్తంలోని ప్లాస్మా కోసం ఊరంతా వెతికారు, 2021 మేలో దాన్ని చికిత్స మార్గదర్శకాల నుంచి తీసేశారు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రోగుల మీద మందులు పరీక్షించిన రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పది రోజుల వరకు ఇస్తే ప్రాణాలు నిలుస్తున్నాయని తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం కనబడలేదు. ఈ రెండో వాక్యం చాలామంది చదవలేదు. సెకండ్ వేవ్‌లో జ్వరం వచ్చిన రెండో రోజే ఇంట్లో స్టెరాయిడ్లు మింగి, షుగర్ నాలుగు వందలు దాటి, బ్లాక్ ఫంగస్‌తో వచ్చినవాళ్లను మా పీజీలు ఎంతమందిని చూశారో. కాబట్టి ప్రణాళికలో ఒక పేజీ, తేదీ వేసి, వారం వారం మార్చేది ఉంచండి. రాయడం పీజీల పని, సరిచూడడం మీ పని. కొత్త పేజీ అతికించేటప్పుడు పాతది చింపాలి, లేకపోతే గోడ మీద రెండు వైద్యాలు ఉంటాయి. ఒక కొత్త మందు గురించి "తెలియదు, చూద్దాం" అనడం పీజీలకు నేర్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఆక్సిజన్ లెక్క ప్రతి పీజీకీ నోటికి రావాలి, ఏ విభాగమైనా సరే. జంబో సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల మాస్కు మీద అది పదకొండు గంటలకు పైగా వస్తుంది. అదే హై ఫ్లో మెషీన్ మీద నిమిషానికి 60 లీటర్లు పూర్తి ఆక్సిజన్ పెడితే రెండు గంటలు కూడా రాదు. సెకండ్ వేవ్‌లో రాష్ట్రంలో రోజుకు ఇరవై వేలకు పైగా కేసులు వస్తున్నప్పుడు ఈ కూడికలు, తీసివేతలే ఎవరికి ఏ మెషీన్ అనేది తేల్చాయి. వార్డు మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, మంట వస్తే ఎవరు ఆపాలో, పేషెంట్లను ఏ దారిన దించాలో మొదటి రోజే నడిపించి చూపించండి. 2020 ఆగస్టు 9న మా ఊళ్లోనే, కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న ఒక హోటల్లో మంటలు లేచి పది మంది పోయారు. ఆ తెల్లవారుజామున సైరన్లు విన్నవాళ్లెవరూ ఫైర్ డ్రిల్‌ను లాంఛనం అనరు.

చావు కబురు చెప్పడం కూడా నేర్పాలి. మేము నేర్పలేదు. ఫస్టియర్ కుర్రాడు ఒక రాత్రి ఐదు ఇళ్లకు ఫోన్ చేశాడు. ఐదోదానికి, తెనాలి నుంచి ఒక పెద్దాయన, "బాబూ, అన్నం తిన్నాడా మావాడు?" అని అడిగాడట. అప్పటికి ఆ మనిషి పోయి గంటయింది. కుర్రాడు ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చుండిపోయాడు. తర్వాత ఇలా మార్చాం. రోజూ ఒకే వేళకు, వీలైతే ఒకే మనిషి, ప్రతి ఇంటికీ ఫోన్ చేయాలి, కబురు మంచిదైనా కాకపోయినా. పరిస్థితి దిగజారుతున్నప్పుడే ఒక మెట్టు ముందు చెప్పాలి. "విషమంగా ఉంది" అనే పేపరు భాష కాదు, "ఆక్సిజన్ ఎక్కువ పెట్టినా అందుకోవట్లేదండీ, మాకు భయంగా ఉంది" అన్న మాట. చనిపోయిన కబురు మాత్రం సీనియర్ చెప్పాలి, పీజీ పక్కన ఉండి వినాలి. మూడు సార్లు విన్నాక తను చెప్పాలి, సీనియర్ పక్కన ఉండాలి. అదీ గొట్టం వేయడం లాంటిదే, మెట్లు ఎక్కించాలి.

కోపంతో మీదికి వచ్చే బంధువుల సంగతి: 2020 ఏప్రిల్ 22న అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించారు. ఆరోగ్య సిబ్బందిపై దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ల వరకు జైలు. చట్టం సరే, కొట్టేవాడు చట్టం చదివి రాడు. గొడవ మొదలైతే పీజీ మాట్లాడకూడదు, వెనక్కి తగ్గి ఆర్‌ఎంఓకి (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌కి) ఫోన్ చేయాలి అని రాయండి.

అందరినీ ఒకేసారి దించకండి. మీ పీజీలను మూడు జట్లు చేయండి. ఒకటి ఐసోలేషన్‌లో, ఒకటి మామూలు పేషెంట్ల దగ్గర, ఒకటి రిజర్వులో. జట్లు కలవకూడదు, హాస్టల్‌లోనూ. రిజర్వులో ఉన్నవాళ్లను చూస్తే అడ్మినిస్ట్రేషన్‌కి చేతులు దురద పెడతాయి, "ఖాళీగా ఉన్నారు కదా" అంటారు. ఇవ్వకండి. 2021లో మాకు రిజర్వే లేకుండా పోయింది. ఏప్రిల్ 18న జరగాల్సిన పీజీ ప్రవేశ పరీక్ష, నీట్ పీజీ, వాయిదా పడి సెప్టెంబర్ 11న జరిగింది, కౌన్సెలింగ్ 2022 జనవరికి గానీ మొదలు కాలేదు. కొత్త ఫస్టియర్లు రాలేదు. పాత ఫస్టియర్లే సెకండియర్ అయ్యాక కూడా ఫస్టియర్ పని చేశారు. వాళ్లలో మీరూ ఉన్నారు కదా, మీకు నేను చెప్పేదేముంది.

మినహాయింపులు గుంపులో అడగకండి. మా దగ్గర ఒకబ్బాయి కిడ్నీ జబ్బుకు స్టెరాయిడ్లు వాడుతూ ఎవరికీ చెప్పలేదు. తప్పించుకుంటున్నాడని అంటారని సిగ్గు. రెండు విడతల డ్యూటీ అయ్యాక వాళ్లమ్మ గారు ఏడుస్తూ ఫోన్ చేస్తే తెలిసింది. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. గర్భిణులకు, ఇలాంటి మందులు వాడేవాళ్లకు టెలీ కన్సల్టేషన్, ఇళ్లకు ఫోన్లు, డేటా. పని గంటలు మాత్రం అందరితో సమానంగా ఉండాలి. లేకపోతే తోటివాళ్ల గొణుగుడు మొదలవుతుంది.

సర్జరీ, ఆర్థో, కళ్లు, ఈఎన్‌టీ పీజీలు అందరికంటే ఎక్కువ నష్టపోయారు. మా పీజీలు ఏడాదిలో చూసినన్ని వెంటిలేటర్లు నేను సర్వీసు మొత్తంలో చూసి ఉండను. కానీ అదే ఏడాదిలో చిన్నపిల్లల కేసులు, నరాల బ్లాకులు (ఒళ్లంతా కాక ఒక భాగానికే మత్తు ఇవ్వడం) వాళ్ల లాగ్‌బుక్‌లో, అంటే చేసిన కేసులు రాసుకునే పుస్తకంలో, ఖాళీ. పైకి అందరూ "ఎంత అనుభవం వచ్చింది" అన్నారు. లాగ్‌బుక్‌ను నెలనెలా తెరిచి ఏ గడి ఖాళీగా ఉందో చూడండి, వేవ్ అయిపోయాక చూద్దాం అనుకోకండి. కాన్పులు ఏ వేవ్‌లోనూ ఆగలేదు, సిజేరియన్లు ఆగలేదు. రిజర్వు జట్టును అక్కడికి తిప్పాం. 2020లో తెచ్చిన జిల్లా రెసిడెన్సీ నియమం ప్రకారం పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో చేయాలి. ఆ మూడు నెలలను ఖాళీ గడులు నింపేలా ముందే మాట్లాడుకోవచ్చు. కేసులు తగ్గాక ఆదివారాలు అదనపు ఓటీ (ఆపరేషన్) లిస్టులు పెట్టాం. సిస్టర్లు కూడా వచ్చారు, వాళ్ల రుణం తీర్చుకోలేను.

థీసిస్ విషయం త్వరగా ముగిస్తాను. కేసులు ఆగిపోతే సాంపిల్ సైజు నిండదు, పీజీ టెన్షన్ పడి అంకెలు కల్పిస్తాడు. అంత దూరం రానివ్వకండి. రెండో నెలలోనే ఎథిక్స్ కమిటీకి రాసి అంశం మార్చుకోవడానికో, సంఖ్య తగ్గించుకోవడానికో అనుమతి తీసుకోండి.

ఇవన్నీ మీ దగ్గర కుదరకపోవచ్చు. ప్రైవేటు కాలేజీలో ఫ్యాకల్టీ ఎంతమంది ఉన్నారో, లోపలికి వెళ్లమంటే ఎంతమంది వెళ్తారో మీకే తెలియాలి. ఒక ప్రొఫెసర్ గారు నాతో, "నేను పోతే నా పిల్లల్ని నువ్వు చూస్తావా?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. అందుకని లోపలికి వెళ్లే సీనియర్ల పేర్లు బలవంతంగా కాకుండా ముందే అడిగి తీసుకోండి. వాళ్లకు ఇన్సూరెన్సు, విడిగా ఉండడానికి గది, ఆ తర్వాత సెలవు, ఇవి కాగితం మీద ఇప్పించండి. 2020లో కేంద్రం ఇచ్చిన 50 లక్షల బీమా కోవిడ్ పేషెంట్లను చూసిన ఆరోగ్య సిబ్బందికి వర్తించింది. రేపు అలాంటిది వస్తుందో రాదో, మీ యాజమాన్యం తరఫున ఏముందో అడిగి ఉంచుకోండి.

డ్రాఫ్ట్ రాశాక రోస్టర్ పేజీ ఒక్కటి ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. మిగతాది తర్వాత చూస్తాను, ముందు లోపలి సీనియర్ గడి చూస్తాను. ఈలోగా, ఎలాగూ వానాకాలంలో ఫ్లూ కేసులు వస్తాయి కదా, మీ ఫస్టియర్లకు ఫిట్ టెస్ట్ అప్పుడే చేసేయండి. శాకరిన్ చేదనిపించేవాళ్లు కూడా ఉంటారు, అది మామూలే. తీపో చేదో ఏదో ఒక రుచి తగిలితే ఆ మాస్కు మార్చాల్సిందే.